కొబ్బరి తోటలో మంచినీటి చేపల తొట్టె: ఏ చేపలు కలిసి బతుకుతాయి?



వీడియోలో తొట్టె కట్టడం, నీళ్లు నింపడం చూపించాం. అందులో ఏ చేపలు వేయాలి, ఏవి ఒకదాని పక్కన ఒకటి బతుకుతాయి అన్నది తొందరగా అయిపోయింది. అసలు విషయం అదే కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నాను. గాజు తొట్టె పెట్టుకున్నా, తోటలో సిమెంటు తొట్టె కట్టుకున్నా లెక్క ఒకటేనండి.

మనం అంతర పంటలు వేసేవాళ్లం. కొబ్బరి కింద కోకో వేస్తాం, కంద వేస్తాం, గట్టు మీద అరటి పెడతాం. ఏది ఎంత నీడ ఓర్చుకుంటుంది, ఏ వేరు ఎంత లోతుకు వెళ్తుంది అని చూసే వేస్తాం కదా. చింత చెట్టు కింద పంట పెట్టమంటే ఎవరూ పెట్టరు. చేపల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ ఆలోచన పక్కన పెట్టేస్తాం. షాపుకు వెళ్లి రంగులు చూసి ఇవి రెండు, అవి నాలుగు అని కవర్లో కట్టించుకుని వస్తాం. వారం తిరిగేసరికి సగం తేలిపోతాయి. ఆక్సిజన్ చాలలేదు అనుకుని ఇంకో మోటారు కొంటాం. చాలాసార్లు కారణం అది కాదండి. ఆ నీళ్లకు పడని చేపనో, పక్క చేపకు పడని చేపనో తెచ్చి ఉంటాం.

ముందు నీళ్లు, తర్వాతే చేప

పొలానికి ముందు మట్టి చూసి విత్తనం ఎంచుకున్నట్టే, తొట్టెకు ముందు నీళ్లు చూసి చేపను ఎంచుకోవాలి. మనం చిన్నప్పుడు సైన్సులో చదువుకున్న మృదు జలం, కఠిన జలం ఇక్కడ పనికొస్తాయి. నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు తక్కువుంటే మృదు జలం, ఎక్కువుంటే కఠిన జలం. మన ఇళ్లలో ఆడవాళ్లకు ఈ తేడా ఏ పరీక్షా లేకుండానే తెలుసు. పప్పు ఉడకని నీళ్లు, సబ్బు నురగ రాని నీళ్లు, గిన్నె అడుగున తెల్లటి పొర కట్టే నీళ్లు కఠిన జలం.

లెక్కలో చెప్పాలంటే లీటరుకు 60 మిల్లీగ్రాముల లోపు కఠినత్వం ఉంటే మృదు జలం. 60 నుంచి 120 దాకా మధ్యరకం. 180 దాటితే బాగా కఠినం. తాగే నీటికి మన దేశ ప్రమాణం 200 వరకు మంచిదంటుంది, వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకుంటుంది. అంటే మనిషి తాగడానికి పనికొచ్చే నీళ్లన్నీ మృదు జలం చేపలకు పనికిరావు. "మేం తాగే నీళ్లేనండి పోశాం, అయినా చచ్చిపోయాయి" అనేవాళ్లకు జవాబు ఇక్కడే ఉంది.

ఇంకో చిక్కు ఉంది. చాలామంది టీడీఎస్ మీటరు పెట్టి చూసి అదే కఠినత్వం అనుకుంటారు. టీడీఎస్ అంటే కరిగిన లవణాలన్నీ కలిపి. అందులో మామూలు ఉప్పు కూడా ఉంటుంది. సముద్రం దగ్గరి బోరులో టీడీఎస్ ఎక్కువ చూపిస్తే అందులో ఉప్పెంత, సున్నమెంత అన్నది మీటరు చెప్పదు. దానికి కఠినత్వం, ఆల్కలినిటీ విడిగా చూపించుకోవాలి. మనకు ఒక సౌకర్యం ఉంది. రొయ్యల చెరువుల పుణ్యమా అని మన వైపు ఆక్వా ల్యాబులు ఉన్నాయి. సీసాలో నీళ్లు తీసుకెళ్తే ఈ రెండూ, అమ్మోనియాతో సహా, కాగితం మీద రాసిస్తారు. చేపలు కొనే ముందు ఆ కాగితం చేతిలో ఉండాలి.

కోనసీమ అంతా ఒకే నీరు కాదన్నది మీకు తెలిసిందే. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి ధవళేశ్వరం నీరే మన కాలువల్లో నడుస్తోంది. కొత్తపేట వైపు ఆ నీరు ముందు అందుతుంది. రాజోలు వైపుకు గన్నవరం అక్విడెక్టు మీదుగా వైనతేయ దాటి వెళ్తుంది. ఈ పంట కాలువ నీరు మామూలుగా మరీ కఠినం కాదు, మరీ మృదువూ కాదు. బోర్ల సంగతి వేరు. నది పక్కన తియ్యగా ఉండే బోరు, సముద్రం దిక్కుగా మలికిపురం, సఖినేటిపల్లి, అల్లవరం, ఉప్పలగుప్తం వైపు వెళ్లేకొద్దీ ఉప్పగా మారుతుంది. పై పొరలో మంచినీరు, కాస్త లోతుకు వెళ్తే ఉప్పునీరు. ఒకే ఊళ్లో రెండు ఇళ్ల బోర్లు రెండు రకాలుగా ఉంటాయి. అందుకే పక్కింటాయన తొట్టెలో బతికిన చేప మీ తొట్టెలో బతుకుతుందన్న భరోసా లేదు.

మృదు జలానికి మన దగ్గరున్న మంచి ఆధారం వాన నీరు. వంద చదరపు అడుగుల కప్పు మీద ఒక అంగుళం వాన పడితే సుమారు 235 లీటర్లు వస్తుంది. మొదటి వానలో దుమ్ము, పిట్టల రెట్టలు కొట్టుకొస్తాయి కాబట్టి దాన్ని చెట్లకు వదిలేసి తర్వాతి వాన పట్టుకోవాలి. అయితే వట్టి వాన నీటిలోనే చేపలు వేయకూడదు. అందులో లవణాలు దాదాపు లేవు, పీహెచ్‌ను నిలబెట్టే శక్తి లేదు. బోరు నీళ్లు 300 ఉంటే, ఒక బిందె బోరు నీళ్లకు మూడు బిందెల వాన నీరు కలిపితే 75 దగ్గరికి వస్తుంది. కాలువ నీళ్లు అయితే సగానికి సగం కలిపినా చాలావరకు సరిపోతుంది. ఇది ఉప్పు లేని బోరుకు చెప్పే లెక్క. ఉప్పు బోరుకు ఈ తంటాలు పడొద్దు, దాని సంగతి కింద రాశాను.

కాలువ నీళ్లు పట్టేటప్పుడు పంట కాలువ ఏది, మురుగు కాలువ ఏది అని చూసుకోండి. చేలల్లో కొట్టిన మందులు, చెరువుల నుంచి వదిలిన నీళ్లు మురుగులోకే వెళ్తాయి. కాలువ కొత్తగా వదిలినప్పుడు మొదటి నీరు పట్టొద్దు. గోదావరి ఎర్రనీరు వచ్చే రోజుల్లో డ్రమ్ములో రెండు మూడు రోజులు పేరనిచ్చి పైతేట తీసుకోండి. త్వరగా తేరుకోవాలని పటిక వేయొద్దు. పటిక ఆల్కలినిటీని తినేస్తుంది, మృదు జలంలో అది అసలే తక్కువ. పంచాయతీ కుళాయి నీరైతే క్లోరిన్ పోవడానికి ఒక రోజు మూత తీసి ఉంచాలి. వేసవిలో కాలువలు కట్టేస్తారు కాబట్టి ఆ రెండు నెలలకు వాన నీరో, కాలువ నీరో ముందే దాచుకోవాలి.

తొట్టె కూడా నీటిని మారుస్తుంది

కొత్త సిమెంటు తొట్టె నెలల తరబడి సున్నం వదులుతుంది. మీరు ఎంత మంచి వాన నీరు పోసినా అది కఠిన జలం అయిపోతుంది, పీహెచ్ తొమ్మిది దాటుతుంది. నీళ్లు నింపి, అరటి బోదె ముక్కలు వేసి వారం నానబెట్టి పారబోయడం మన వైపు చేసే పద్ధతే. ఇలా మూడు నాలుగు సార్లు చేసి, ఆ తర్వాత నీళ్లు పోసి మూడు రోజులు ఉంచి పీహెచ్ చూడండి. ఎనిమిది లోపు నిలబడితే అప్పుడు మొదలుపెట్టొచ్చు.

అడుగున వేసే ఇసుక దగ్గర చాలామంది పొరపడతారు. అంతర్వేది వెళ్లినప్పుడు సముద్రపు ఇసుక, గవ్వలు తెచ్చి అందానికి వేస్తారు. గవ్వ అంటే సున్నమే. రోజూ కొంచెం కొంచెం కరుగుతూనే ఉంటుంది. పాలరాతి ముక్కలూ అంతే. గోదావరి ఇసుక కడిగి వేసుకోండి. అనుమానం ఉంటే పిడికెడు ఇసుక మీద నిమ్మరసం పిండండి, బుసబుస పొంగితే అందులో సున్నం ఉన్నట్టు.

మృదు జలం చేపలకు ఇష్టమైన వస్తువు మన దొడ్లోనే ఉంది. బాదం చెట్టు ఎండుటాకులు. షాపుల్లో, ఆన్‌లైన్‌లో పది ఆకులు కట్ట కట్టి అమ్ముతున్నారు, మనం ఊడ్చి తగలబెడుతున్నాం. పండి రాలిన ఆకు, మందు పడనిది, కడిగి ఆరబెట్టి వంద లీటర్లకు రెండు మూడు వేస్తే నీళ్లు లేత టీ రంగులోకి వస్తాయి. అందులోని టానిన్లు అమెజాన్ అడవుల నల్లనీటి వాగుల లాంటి పరిస్థితి ఇస్తాయి. కఠిన జలంలో మాత్రం ఆకు వేసినంత మాత్రాన పీహెచ్ తగ్గదు, రంగు మారుతుంది అంతే. కొబ్బరి చిప్పలు బోర్లించి ఒక పక్క కన్నం పెడితే చేపలు దాక్కోవడానికి మంచి గూళ్లు. కొబ్బరి పీచు, పొట్టు వేయాలనుకుంటే ముందు రెండు మూడు రోజులు నీళ్లు మార్చి నానబెట్టాలి. సముద్రం దగ్గరి పొట్టులో ఉప్పు ఉంటుంది.

చేపలు వేసేలోపు నీళ్లను మూడు నాలుగు వారాలు నడిపించాలి. ఇది మనకు కొత్త కాదు. మట్టిలో నత్రజనిని మార్చే సూక్ష్మజీవుల్లాంటివే తొట్టెలోనూ పనిచేస్తాయి. చేప వదిలే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. అవి ఇసుక మీద, స్పాంజి ఫిల్టరు మీద స్థిరపడటానికి సమయం కావాలి. పాత తొట్టె నుంచి ఒక స్పాంజి ముక్క తెచ్చి వేస్తే అది తోడు పెట్టినట్టు పనిచేస్తుంది. తోడు అన్నానని జీవామృతం పోయొద్దు. పేడ, బెల్లం, పిండి చిన్న తొట్టెలో పడితే ఆ సూక్ష్మజీవులు ఆక్సిజన్ అంతా లాగేస్తాయి, తెల్లారేసరికి చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి.

కలిసి బతికేవి, బతకనివి

మన చెరువు రైతులు ఎప్పటినుంచో చేస్తున్నదే చూడండి. బొచ్చె పైన తింటుంది, శీలావతి మధ్యలో, ఎర్రమోసు అడుగున. మూడూ ఒకే చెరువులో ఉన్నా ఒకదాని కూడు ఒకటి లాక్కోదు. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి ఇంజక్షన్‌తో వీటి జాతి చేపలకు పిల్లలు తీయించాక కదా, విత్తనం దొరికి ఈ మిశ్రమ పెంపకం ఊరూరా వచ్చింది. చిన్న తొట్టెకూ ఆ మూడంచెల లెక్కే పనికొస్తుంది. బొచ్చె, శీలావతి పిల్లలనే తెచ్చి వేయొద్దు సుమండీ. అవి కేజీల్లో పెరిగే చేపలు.

రెండో లెక్క నోరు. చేపకు నోట్లో పట్టేది ఏదైనా ఆహారమే. ఈ రోజు పక్కన తిరిగే చిన్న చేపను, నోరు పెరిగాక అదే మింగుతుంది. మూడోది వేగం. చురుగ్గా దూసుకెళ్లే చేపల మధ్య నెమ్మది చేపను వేస్తే దానికి తిండి అందదు. ఎవరూ కొరకరు, కొట్టరు, అయినా నెల రోజుల్లో ఎండిపోయి చచ్చిపోతుంది. ఇది చాలామంది గమనించరు.

మన కాలువల్లో, గుంటల్లో దొరికే చేపలతోనే ముచ్చటైన తొట్టె తయారవుతుంది. నాకైతే కొన్న చేపల కంటే ఇవే బాగుంటాయనిపిస్తుంది. మన ఎండకు, మన నీటికి పుట్టినవి.

పై అంచెకు పాంచాక్స్. నీటి ఉపరితలానికి అంటుకున్నట్టు తిరిగే రెండంగుళాల చేప, తల మీద వెండి చుక్క మెరుస్తుంది. దోమ పిల్లల్ని ఏరుకుని తింటుంది. ఎగిరి దూకే అలవాటు ఉంది కాబట్టి పైన వల కప్పాలి.

మధ్య అంచెకు రాస్బోరా. ఒంటి పొడవునా నల్ల గీత ఉండే ఈ చేప గుంపుగా తిరిగితేనే ధైర్యంగా ఉంటుంది. ఎనిమిదికి తగ్గకుండా వేయాలి. దానితోపాటు జీబ్రా చేప వేసుకోవచ్చు. ప్రపంచమంతా ల్యాబుల్లో పరిశోధనలకు వాడుతున్న జీబ్రా చేప మన దక్షిణాసియా వాగులదే. షాపులో పది రూపాయల చేప అని చిన్నచూపు చూస్తాం గానీ, తొట్టెకు ఇంత సర్దుకుపోయే చేప ఇంకోటి లేదు.

పరిగెల విషయంలో జాగ్రత్త. రెండు నల్ల చుక్కలుండే చిన్న పరిగె రెండంగుళాల దగ్గర ఆగిపోతుంది, అది సరే. కొన్ని పరిగె జాతులు జానెడు దాటి పెరుగుతాయి, పిల్లలుగా ఉన్నప్పుడు అన్నీ ఒకేలా ఉంటాయి. చిన్న పరిగెనైనా ఒకటి రెండు వేస్తే పక్క చేపల తోకలు కొరుకుతాయి. ఎనిమిది, పది ఉంటే తమలో తామే తరుముకుంటూ మిగతావాటి జోలికి పోవు. లేత మొక్కలు మాత్రం కొంచెం మేస్తాయి.

గీతల గౌరామి మన వైపు గుంటల్లో కనిపించేదే. నెమ్మదైన చేప. పైకి వచ్చి గాలి పీల్చుకోగలదు. కరెంటు పోయి గాలి మోటారు ఆగినా తట్టుకుంటుంది, తుఫాను రోజుల్లో ఈ గుణం ఎంత విలువైనదో మన ప్రాంతం వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఒక మగ, ఒకటి రెండు ఆడ వేయండి. రెండు మగవి వేస్తే పోట్లాట తప్పదు. నీటి మీద నురగ గూడు కట్టిన రోజుల్లో మగది కాపలా కాస్తూ అందర్నీ తరుముతుంది, అది మామూలే. తేలే మొక్కలు కొంచెం ఉంటే దానికి బాగుంటుంది.

అడుగుకు ఇసుకలో దూరే లోచ్‌లు ఐదారు. మిగిలిపోయిన మేత తింటాయి. వీటికి నున్నటి ఇసుక కావాలి, కంకర అయితే మీసాలు అరిగిపోతాయి.

ఐదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు తొట్టెలో అడుగున్నర ఎత్తు నీళ్లు పోస్తే దాదాపు 640 లీటర్లు. అందులో పాంచాక్స్ ఆరు, రాస్బోరా పన్నెండు, జీబ్రా లేదా చిన్న పరిగె పది, గౌరామి మూడు, లోచ్‌లు ఆరు హాయిగా ఉంటాయి. ఇంకా చోటుంది కదా అనిపిస్తుంది. ఆ చోటు అలాగే ఉండనివ్వండి. కరెంటు ఆరు గంటలు పోయిన మే నెల రాత్రి ఆ ఖాళీయే చేపల్ని కాపాడుతుంది. వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది కదా.

ఇక ఇదే కాలువల్లో దొరికినా కలపకూడనివి. కొరమేను పిల్లలు ఎర్రగా ముద్దొస్తాయి, ఆరు నెలల్లో తొట్టె ఖాళీ చేస్తాయి. గొరక కొట్లాటకోరు, రాత్రి వానకు తొట్టె గోడెక్కి వెళ్లిపోగలదు కూడా. జెల్లలు, ఇంగిలాయిలు, మార్పులు పగలు నక్కి ఉండి రాత్రి వేటాడతాయి, పైగా ముల్లు గుచ్చుకుంటే మనకు మంట. బొమ్మిడాయి సాధువులా కనిపిస్తుంది గానీ నిద్రపోయే చిన్న చేపల్ని వదలదు. ఒళ్లంతా అద్దంలా కనిపించే గాజు చేప కొందరికి ముద్దు. చందా నామా అనే ఆ జాతి పక్క చేపల పొలుసులు పీక్కుని తింటుంది. అందాన్ని చూసి మోసపోవద్దు.

కాలువలో పట్టిన చేపను నేరుగా తొట్టెలో వేయకుండా రెండు మూడు వారాలు వేరే టబ్బులో పెట్టి చూడండి. చేప పేను, పుండ్లు ఉంటే అక్కడే తెలిసిపోతాయి.

షాపు చేపలే కావాలంటే

మృదు జలం కోరే రకాలు షాపులో చాలా ఉన్నాయి. నియాన్ టెట్రా, కార్డినల్ టెట్రా, ఏంజెల్, డిస్కస్, కోరిడోరస్ దక్షిణ అమెరికా నీళ్లవి. హార్లెక్విన్ రాస్బోరా, కూలి లోచ్ ఆగ్నేయాసియావి. గప్పీ, మోలీ, ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్ మాత్రం కఠిన జలం బాపతు. ఈ రెండు గుంపుల్ని ఒకే తొట్టెలో వేయడమే ఎక్కువగా జరిగే తప్పు. మోలీకి నీళ్లు మెత్తబడితే రెక్కలు ముడుచుకుని ఉన్నచోటే ఊగుతుంది. నియాన్‌కు నీళ్లు కఠినమైతే రంగు తగ్గిపోతుంది. ఇద్దరికీ మధ్యస్థంగా ఉంచుదామంటే ఇద్దరికీ సుఖం ఉండదు.

నియాన్ గురించి ఒక మాట. దానికి 22 నుంచి 26 డిగ్రీల నీరు ఇష్టం. మన మే నెలలో నీడలో ఉన్న తొట్టె కూడా 30 దాటుతుంది. దాని చుట్టమే కార్డినల్, వేడికి కొంత ఓర్చుకుంటుంది. డిస్కస్ వేడికి ఓర్చుకుంటుంది గానీ కాస్త అశుభ్రతకు కూడా ఓర్వదు. మొదటిసారి పెట్టేవాళ్లు దాని జోలికి వెళ్లొద్దు. ఏంజెల్, నియాన్ రెండూ మృదు జలం చేపలే, అయినా కలపకూడదు. ఏంజెల్ అరచేయంత అయ్యాక నియాన్ దాని నోట్లో పడుతుంది. ఏంజెల్ పక్కన టైగర్ బార్బ్ వేస్తే దీని పొడవాటి రెక్కలు చీలికలు పేలికలు చేస్తుంది. ఒకే రకం నీరు కోరినంత మాత్రాన పొత్తు కుదిరినట్టు కాదన్నమాట.

మన షాపులకు వచ్చే రంగు చేపలు చాలావరకు చెన్నై, కోల్‌కతా వైపు పెంచినవి. మృదు జలం జాతి అయినా అక్కడి బోరు నీటిలో తరాలుగా పెరిగి ఉండొచ్చు. కాబట్టి షాపతన్ని "ఏ నీళ్లలో ఉంచారండీ" అని అడిగి, కవర్లో నీళ్లు కూడా ఒకసారి మీటరుతో చూడండి. మీ నీటికి, ఆ నీటికి తేడా ఎక్కువుంటే బకెట్‌లోకి చేపను వదిలి, సెలైన్ గొట్టంతో మీ తొట్టె నీరు చుక్క చుక్కగా గంటో గంటన్నరో పట్టించండి. అంకె ఎంత అన్నదానికంటే ఆ అంకె రోజురోజుకూ మారకుండా ఉండటం చేపకు ముఖ్యం.

ఉప్పు బోరు తప్ప వేరే నీరు లేనివాళ్లు మృదు జలం చేపల కోసం ఆర్‌ఓ మిషన్లు కొనడం నాకు నచ్చదు. మోలీలు, గప్పీలు ఆ నీటికి సరిగ్గా సరిపోతాయి. మరీ ఉప్పగా ఉండి పెద్ద తొట్టె ఉంటే కేరళ వాళ్లు కరిమీన్ అని తినే పెర్ల్ స్పాట్ ఉంది, అది మన తీరం చేప కూడా. అలాగే ఇళ్లలో పెట్టే వాటర్ సాఫ్ట్‌నర్ నీరు మృదు జలం కదా అని వాడొద్దు. అది కాల్షియం తీసి సోడియం పెడుతుంది. బట్టలకు బాగుంటుంది, చేపలకు, చెట్లకు కాదు.

మృదు జలం తొట్టెలో నెమ్మదిగా వచ్చే ప్రమాదం

ఇది అందరూ తెలుసుకోవాలి. సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చేటప్పుడు ఆల్కలినిటీ ఖర్చవుతుంది. కఠిన జలంలో అది బోలెడుంటుంది. మృదు జలంలో కొద్దిగానే ఉంటుంది కాబట్టి నెలలు గడిచేకొద్దీ పీహెచ్ జారిపోతుంది. ఆరు కంటే కిందికి వెళ్లాక ఆ సూక్ష్మజీవులు కూడా మందగించి అమ్మోనియా పేరుకుంటుంది. విచిత్రం ఏమిటంటే, పీహెచ్ తక్కువున్నంతసేపు ఆ అమ్మోనియా పెద్దగా హాని చేయని అమ్మోనియం రూపంలో ఉంటుంది. చేపలు కొంచెం డల్‌గా ఉన్నాయని మనం ఒక రోజు సగం నీళ్లు తీసి బోరు నీళ్లు పోస్తాం. పీహెచ్ ఒక్కసారి పైకి లేస్తుంది, ఆ అమ్మోనియంలో కొంత విషమైన అమ్మోనియాగా మారుతుంది. "నీళ్లు మార్చిన రోజే చచ్చిపోయాయి" అంటారు, నిజమే.

అందుకే వారానికి ఐదో వంతు చొప్పున, ముందే కలిపి ఉంచిన అదే నీటితో మార్చాలి. తీసిన నీళ్లు ఆకుకూరల మడికి పోయండి, అందులో నైట్రేట్ ఉంది. నెలకోసారి పీహెచ్, ఆల్కలినిటీ చూసుకుంటే చాలు. ఆల్కలినిటీ 30 కంటే తగ్గుతుంటే కలిపే నీటిలో కాలువ నీటి పాలు కొంచెం పెంచండి.

మేత రెండు మూడు నిమిషాల్లో తినేంతే. మెత్తటి తవుడు, వేరుశెనగ చెక్క పొడి, అజొల్లా, దోమ పిల్లలు సరిపోతాయి. అన్నం మెతుకులు వద్దు.

సహజ వ్యవసాయం చేసేవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సింది ఒకటుంది. మన కషాయాలు మొక్కకు, మట్టికి మేలు చేస్తాయి కాబట్టి చేపకూ ఏం కాదులే అనుకోవద్దు. అగ్నిఅస్త్రంలో పొగాకు ఉంటుంది, చేపలకు అది విషం. వేప కూడా మోతాదు మించితే చేపను చంపుతుంది. చెరువు ఎండగట్టేటప్పుడు పనికిరాని చేపల్ని చంపడానికి ఇప్పచెక్కే కదా వేస్తారు, అదీ చెట్టు నుంచి వచ్చిందే. పిచికారీ చేసే రోజు తొట్టె మీద పట్టా కప్పండి. చేతులు సబ్బుతో కడిగి, బాగా నీళ్లు పోసుకున్నాకే తొట్టెలో చెయ్యి పెట్టండి. డ్రమ్ములు, మగ్గులు వేర్వేరుగా ఉంచండి.

కాలువలోకి వదలకండి

షాపులో "ఇది ట్యాంక్ క్లీనర్ అండి, నాచు తినేస్తుంది" అని ఒక నల్లటి చేపను అంటగడతారు. సక్కర్ అంటారు. కొన్నప్పుడు రెండంగుళాలు, పెరిగితే అడుగు దాటుతుంది. తొట్టె పట్టదు. చంపడానికి మనసొప్పక కాలువలో వదిలేస్తారు. మత్స్యకారులు దెయ్యం చేప అంటున్నది దీన్నే. ఒళ్లంతా ఎముక పలకలు, ముళ్లు. వలలు చీల్చేస్తుంది, గట్లలో కన్నాలు చేసి గుడ్లు పెడుతుంది, ఎవరూ తినరు. ఆంధ్ర, తెలంగాణ జలాశయాల్లో ఇప్పటికే పాకిపోయింది. తొట్టెల నుంచి, చెరువుల నుంచి తప్పించుకున్నదే ఇదంతా. ఒక్క చేప కదా అనుకుని వదిలితే, మన పరిగెలు, మన గౌరామిలు తినే నాచు, గుడ్లు పెట్టే చోటు దానికి అప్పగించినట్టే.

కొత్తగా వచ్చిన సమస్య కాదిది. 1952లో మన దేశానికి తెచ్చిన తిలాపియా ఈ రోజు ప్రతి గుంటలో ఉంది. దోమల కోసం తెచ్చిన గంబూసియా దోమ పిల్లలతోపాటు మన చేపల గుడ్లు, పిల్లలు తింటుంది, పక్కవాటి రెక్కలు కొరుకుతుంది. దోమల కోసమే అయితే మన పాంచాక్స్ ఉండగా అది అక్కర్లేదు. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకమే నిషేధం, ఎవరైనా మార్పు పిల్లలని ఇచ్చినా సరిగ్గా చూసుకుని తీసుకోండి.

నాచు కోసం సక్కర్ అవసరం లేదు. తొట్టెకు పూట ఎండ తగ్గించి, మేత తగ్గించి, నాలుగు నత్తలు వేస్తే అదుపులో ఉంటుంది. తేలే మొక్కగా గుర్రపుడెక్క వేస్తే నీళ్లు తేటగా ఉంచుతుంది గానీ, ఏరేసినప్పుడు కాలువలో పారేయకుండా కంపోస్టు గుంటలో వేయండి. కాలువల్లో ఇప్పటికే చాలినంత ఉంది.

తొట్టెలో చేపలు ఎక్కువైనా, వద్దనుకున్నా తెచ్చిన షాపుకే తిరిగి ఇవ్వండి, లేదా తొట్టె ఉన్న ఇంకొకరికి ఇవ్వండి. చచ్చిపోయిన చేపను కొబ్బరి మొదట్లో పాతేయండి. కాలువలో పట్టి తెచ్చిన మన ఊరి చేపనైనా, షాపు చేపలతో కలిపి ఉంచాక మళ్లీ కాలువలో వదలొద్దు. దాని ఒంటి మీద ఏ జబ్బు ఎక్కిందో పైకి కనిపించదు.